రెండు గోనెసంచులు, ఒక షేరు

భర్త నరేష్‌తో శ్రీలతకు ఉన్న బాధ ఒక్కటే. ఆయనకు తెలియని విషయమంటూ లేదు. కుక్కర్ ఎందుకు కూస్తుందో తెలుసు, పాలు ఎందుకు పొంగుతాయో తెలుసు. పొంగుతున్నప్పుడు స్టవ్ ఆపాలని మాత్రం ఇంకొకరు చెప్పాలి. పటాన్‌చెరులో బోరు మోటార్లు చేసే కంపెనీలో పదహారేళ్ళుగా సూపర్‌వైజర్. రోజుకు ఒక్కరికైనా ఏదో ఒకటి వివరించకపోతే తిన్నది అరగదు.

ఆ ఆదివారం పొద్దున ఆయనకు దొరికింది కూతురు తనుశ్రీ. ఇంటర్ చదువుతోంది. "డాడీ, అసలు షేరంటే ఏంది?" అని అడిగి, అడిగినందుకు వెంటనే విచారించింది.

నరేష్ ముందున్న సర్వపిండి రొట్టెను పళ్ళెంలో తిప్పి, చాకుతో ముక్కలు కోశాడు.

"గిది కంపెనీ అనుకో బిడ్డా. పదహారు ముక్కలు జేసిన. ఒక్కో ముక్క ఒక షేరు. నువ్వొక ముక్క కొన్నవనుకో, గంత మందం కంపెనీ నీది. నువ్వు మాలిక్‌వి."

"కంపెనీకి నష్టమొస్తే?"

"నీ ముక్క గూడ మాడిపోతది. గందుకే ఉన్న పైసలన్ని ఒక్క కంపెనీల వెట్టొద్దు."

"లాభమొస్తే?"

"మాలిక్‌లందరికి ఇంతింత పంచుతరు. డివిడెండ్ అంటరు. పంచాల్నని రూల్ లేదు, వాళ్ళిష్టం. ఇగ ముక్క రేటంటవా, కొనేటోళ్ళు ఎక్కువైతే పెరుగుతది, అమ్మేటోళ్ళు ఎక్కువైతే పడ్తది."

పాఠం ముగిసేసరికి పళ్ళెంలో పదకొండు షేర్లే మిగిలాయి. మిగతావి చెబుతూ చెబుతూ ఆయనే తినేశాడు.

శ్రీలత సంగారెడ్డి కాలేజీలో బీకాం చదివింది. పెళ్ళిచూపులనాడు తప్ప ఆ సంగతి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు కాబట్టి, ఆమె కూడా ఎత్తకుండా ఇంకో సర్వపిండి కాల్చింది. తనుశ్రీకి ఇంకా పద్దెనిమిది నిండలేదు. అందుకని సోమవారం మార్కెట్ తెరవగానే, శ్రీలత పేరు మీదున్న ఖాతాలో, నరేష్ పనిచేసే కంపెనీదే ఒక షేరు కొన్నారు. ఒక్కటే.

ఇదంతా మామగారు పోచయ్య గడపలో కూర్చొని వింటూనే ఉన్నాడు. కొండాపూర్ మండలంలో సొంత ఊరు. అక్కడున్న రెండెకరాలను యాదన్నకు పాలుకిచ్చి, కొడుకు దగ్గర ఉంటున్నాడు. పంటలో సగం యాదన్నది, సగం ఈయనది. దానికో కట్టుబాటుంది. వడ్ల కుప్ప కొలిచే పూట వంతుదారు కల్లం దగ్గర ఉండి తీరాలి. సంచులు కూడా తనవే తెచ్చుకోవాలి. పోకపోతే చెమటోడ్చినవాణ్ణి చిన్నచూపు చూసినట్టు, పైగా కొలత ఎట్లున్నా ఒప్పుకున్నట్టు.

"ఏమిరా, మనకు వంతుందంటివి. మరి కంపెనీకి పోవాల్నా, వద్దా?" అని అడిగాడు పోచయ్య.

"పోవచ్చు నాయినా. మాలిక్‌లను ఎవడాపుతడు?" అన్నాడు నరేష్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"లెక్క ఎప్పుడు దీస్తరు?"

"మూడు నెల్లకోసారి. ఈ బుధారం ఉన్నది."

పోచయ్య తలూపాడు. శ్రీలత కూడా విన్నది గానీ, పోపు మాడుతుంటే అటు తిరిగింది.

బుధవారం నరేష్‌కు పెద్ద రోజు. పుణె నుంచి వేలల్లో మోటార్లు కొనే పార్టీ ఫ్యాక్టరీ చూడటానికి వస్తోంది. వాళ్ళకు లైనంతా చూపించి మెప్పిస్తే షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేస్తానని మేనేజర్ ఎబెనేజర్ మాటిచ్చాడు. నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్న కుర్చీ అది. నరేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏడింటికే వెళ్ళిపోయాడు. అందరూ వెళ్ళాక మిరపకాయలకు తొడిమలు తీసి, గంటసేపు పడుకోవాలన్నది శ్రీలత ఆలోచన.

తొమ్మిదింటికి పోచయ్య తెల్ల ధోవతి కట్టి, తలకు రుమాలు చుట్టి, చంకలో రెండు గోనెసంచులు పెట్టుకుని బయల్దేరాడు.

"కల్లం కాడికి పోయొస్త బిడ్డా."

కోతల రోజులు. యాదన్న దగ్గరికే అనుకున్న శ్రీలత మజ్జిగ సీసా చేతికిచ్చి పంపింది.

పదకొండింటికి నరేష్ ఫోన్ చేశాడు. గొంతు బాత్రూంలోంచి వస్తున్నట్టుంది. బాత్రూంలోంచే వస్తోంది.

"నాయిన ఎక్కడున్నడు?"

"యాదన్న కల్లం కాడ."

"కాదే! మా టెస్టింగ్ సెక్షన్ల ఉన్నడు! రుమాల్ మీద హెల్మెట్ వెట్టుకోని!"

జరిగింది ఇది. పోచయ్య గేటు దగ్గర ఆటో దిగడమూ, పుణె వాళ్ళ కార్లు వచ్చి ఆగడమూ ఒక్కసారే అయ్యాయి. బీహార్ నుంచి కొత్తగా వచ్చిన సెక్యూరిటీ కుర్రాడు "ఆప్ కౌన్?" అని అడిగితే, పోచయ్య తన పాత సంగారెడ్డి హిందీలో "హమ్ మాలిక్ లోగాఁ" అన్నాడు. కుర్రాడు సెల్యూట్ కొట్టి, పుణె వాళ్ళు నలుగురికీ ఆయనకూ కలిపి ఐదు విజిటర్ కార్డులిచ్చాడు. ఈ పెద్దాయన పుణె వాళ్ళ పెద్దమనిషి అనుకున్నాడు ఎబెనేజర్. కంపెనీ యజమానుల తండ్రి అనుకున్నారు పుణె వాళ్ళు. వాళ్ళు నమస్కారం పెట్టారని ఎబెనేజర్ కొబ్బరినీళ్ళు తెప్పించాడు. కొబ్బరినీళ్ళు ముందు పోచయ్యకే ఇచ్చారని వాళ్ళు కుర్చీ ఖాళీ చేశారు. వచ్చిందెవరని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"మరి మీరేం జేసిన్రు?" అని అడిగింది శ్రీలత.

"ఏం జెయ్యాలె? 'రండి సార్' అన్న."

"సొంత నాయినను సారన్నరా?"

"మాలిక్‌నని మర్యాద ఇస్తున్న అనుకుండు. మస్తు ఖుషీగున్నడు. నువ్వు జల్దీ వచ్చి ఏదో ఒకటి జెప్పి తీస్కపో. నా కుర్చీ పోతది లతా!"

శ్రీలత మిరపకాయల చేతులు కడుక్కుని ఆటో ఎక్కింది. గేటు దగ్గర ఆమె వచ్చీరాని హిందీలో ఒక్క ముక్కే చెప్పింది: "లోపల పెద్దాయన ఉన్నడు గదా, ఆయన కోడల్ని." సెక్యూరిటీ కుర్రాడు ఆరో కార్డిచ్చి, గొడుగు కూడా పట్టాడు.

ఆమె వెళ్ళేసరికి అందరూ ప్యాకింగ్ సెక్షన్‌కు చేరారు. మోటార్లు వరసగా కుప్ప పోసి ఉన్నాయి. ఆ కుప్ప చూడగానే పోచయ్య ఇక ఆలస్యం చేయలేదు. రెండు గోనెసంచులూ నేలమీద పరిచి, మూతులు విప్పాడు.

"మంచిగనే పండింది. ఇగ కొలవండి. మా వంతెంత?"

పుణె పార్టీ పెద్ద, కులకర్ణి, ఎబెనేజర్ వైపు చూశాడు. "మీ చైర్మన్ గారి తండ్రి కాదా?" అన్నాడు హిందీలో.

"మీతో వచ్చినోళ్ళు కారా?" అన్నాడు ఎబెనేజర్.

ఇద్దరూ కలిసి నరేష్ వైపు తిరిగారు. "నరేష్, నీకు ఎరుకేనా ఈయన?" అన్నాడు ఎబెనేజర్.

నరేష్ కళ్ళ ముందు నాలుగేళ్ళ కుర్చీ కదిలింది. "తెల్వదు సార్. నేనెప్పుడు జూడలే."

పోచయ్య చేతిలో సంచి అట్లాగే ఆగిపోయింది. ఆయన హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు.

శ్రీలత ముందుకు నడిచింది. "ఆయన మా మామ, సార్. ఈ కంపెనీల ఒక షేరున్నది, నా పేరు మీద." ఫోన్ తీసి చూపించింది.

"సంతోషం మేడం," అన్నాడు ఎబెనేజర్ అయోమయంగా. ఆమెను చూడగానే నరేష్ మోటార్ల వెనక్కి జరగడం ఆయన కంటపడింది. "మరి మా నరేష్ మీకు...?"

శ్రీలత నరేష్‌ను కిందినుంచి పైదాకా చూసింది. "ఈ సార్ ఎవరో నాకు తెల్వదు. నేనెప్పుడు జూడలే."

నరేష్ ఇస్త్రీ చొక్కా ఒక్కసారిగా నలిగిపోయినట్టు కనబడింది. ఎబెనేజర్ ఒకసారి ఆమెను, ఒకసారి అతన్ని చూసి, వయసులో పెద్దవాడి వైపే తిరిగాడు.

"చూడు పెద్దాయనా, ఈ కంపెనీ రెండు కోట్ల ముక్కలయింది. అందుల మీది ఒకటి. కుప్ప కొలిచి ఇయ్యరు. లాభమొస్తే, పంచాల్ననుకుంటే, పైసలు బ్యాంకుల పడ్తయి."

"మరి కొలత సరిగున్నదని ఎవరు జూస్తరు?"

"ఆడిటర్ ఉంటడు."

"ఆయనకు బువ్వెవరు వెడ్తరు?"

"కంపెనీనే."

"ఇగ సమజైంది," అన్నాడు పోచయ్య సంచులు మడుస్తూ. "మాలిక్‌ను గాకపోతె గాకపోయిన. మీ కంపెనీ మోటార్లే మూడు కొన్నోణ్ణి. మూడు కాలినయ్. గదన్న జెప్పి పోత."

ఎబెనేజర్ కంగారుపడేలోపే కులకర్ణి అడ్డం వచ్చాడు. "కైసే జలే, బాబా?"

పోచయ్య కుప్పలోంచి ఒక మోటారును ఇవతలికి లాగి, కేబుల్ లోపలికి పోయే చోట వేలు పెట్టాడు. నీళ్ళు అక్కడినుంచే దిగుతాయనీ, దిగేముందు మోటారు రెండ్రోజులు దగ్గుతుందనీ, ఎంత మందికి చెప్పినా కరెంటు మీదికే తోశారనీ హిందీలో చెప్పాడు. దగ్గి కూడా చూపించాడు. కులకర్ణి ప్యాంటు సంగతి మరిచి నేలమీద కూర్చున్నాడు. పుణె వాళ్ళ బ్యాగులో ఇవే ఫిర్యాదులు ఒక కట్ట ఉన్నాయి. నిజానికి వాళ్ళు వచ్చింది వాటికోసమే. ఏ ఫ్యాక్టరీలో అడిగినా అంతా బాగుందనే అన్నారట. వాడే రైతును పిలిపించి ఎదురుగా నిలబెట్టిన కంపెనీ ఇదొక్కటేనట. కేబుల్ అతుకు మార్చితే ఆర్డర్ మీదేనన్నాడు.

ఎబెనేజర్ ముఖం వెలిగిపోయింది. "ఈ పెద్దాయనను తీస్కరావాలని ఆలోచన జేసింది ఎవరు? చెప్పుండ్రి, ఇన్‌ఛార్జి కుర్చీ వాళ్ళదే!"

నరేష్ నోరు తెరిచాడు. కాసేపటి క్రితం ఏమన్నాడో గుర్తొచ్చి మూశాడు. భోజనాల బెల్లు మోగింది. యంత్రాలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. పోచయ్య సంచులు చంకలో పెట్టుకుని, కోడలి భుజం తట్టి, గేటు వైపు నడవబోయాడు.

"ఆగు నాయినా!" అన్నాడు నరేష్. సెక్షన్‌లో అందరూ తిరిగి చూశారు. "సార్, ఆయన మా నాయిన. ఈమె నా భార్య. తీస్కరావాల్నని నేనేం ఆలోచన జెయ్యలే. వట్టిగ మాలిక్‌లమని చెప్పి, పొమ్మన్న. వచ్చినంక కుర్చీకోసం తెల్వదన్న. తప్పు నాది. మొత్తం నాదే."

పోచయ్య ఒక గోనెసంచి తీసి, మోయమని కొడుకు చేతికిచ్చాడు.

యంత్రాలన్నీ ఆగే ఉన్నా, పందొమ్మిదేళ్ళ కాపురంలో 'తప్పు నాది' అన్న ఆ మాట మొదటిసారి కావడం వల్ల, సరిగా వినబడలేదు ఇంకోసారి చెప్పమన్నది శ్రీలత.