గంజాయి నిర్మూలనకు నారు

తన టౌన్‌షిప్‌లో గంజాయి మొక్క ఒక్కటి కూడా లేకపోవడం తీవ్రమైన పరిపాలనా లోపమని మేజర్ తాన్ న్యో ప్రకటించారు. రంగూన్‌కి యాంగోన్ అని పేరు మార్చి, తద్వారా ఊళ్ళోని కష్టాలన్నీ తీర్చేసిన మరుసటి ఏడాది మాట ఇది.

ఆ మీటింగ్‌లో వెనక బెంచీ మీద కూర్మనాథం కూర్చున్నాడు. చిమిండైంగ్ ఏటి ఒడ్డున ఉన్న తెలుగు సందుకి అతను పెద్ద. తాత రేవులో బస్తాలు మోశాడు, తండ్రీ మోశాడు. కూర్మనాథం మాత్రం సర్కారు వారి మాటలు మోస్తాడు. అది కూడా బరువైన పనే.

"వానలు వెళ్ళాక విదేశీ అతిథులు వస్తారు. ప్రతి టౌన్‌షిప్ ఒక గంజాయి తోటని వాళ్ళ కళ్ళముందు తగలెయ్యాలి. పైనుంచి ఆర్డర్. మన తోట ఏదీ?" అన్నారు మేజర్.

ఇన్నాళ్ళూ గంజాయి పెంచనందుకు అందరూ సిగ్గుతో తలలు దించుకున్నారు.

"పెంచుదాం, బోమూ," అన్నాడు కూర్మనాథం. మేజర్లని అక్కడ బోమూ అనే పిలవాలి.

"దేశభక్తి అంటే ఇదీ!" అని మేజర్ బల్ల గుద్దారు. "పని బాగా జరిగిందా, మీ సందు జోలికి ఎవరూ రారు. నా మాట."

కూర్మనాథానికి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజుల్లో పేటలకి పేటలే లారీలెక్కి, ఊరవతల వరిపొలాల్లో దిగుతున్నాయి. ఆ పొలాలకి కొత్త ఊరు అని పేరు. తన సందుకీ ఆ గౌరవం దక్కుతుందేమోనని అతనికి నిద్ర పట్టడం లేదు.

తోట ఖాయమైంది. విత్తనాలు ఎప్పుడు వెయ్యాలన్నది ప్రశ్న. వానల్లో బయట చల్లితే ఏట్లోకి కొట్టుకుపోతాయనీ, నెలరోజులు ముందుగా ఇంట్లో నారు పోసుకుని వాన తెరిపిచ్చాక నాటాలనీ వ్యవసాయాధికారి మనవి చేశాడు. నేలనీ వాననీ అడిగి విత్తనాలు మొలుస్తాయనుకోవడం తెల్లవాళ్ళ కాలం నాటి మూఢనమ్మకమని మేజర్ అతన్ని మందలించి, తమ ఆస్థాన జ్యోతిష్కుణ్ణి పిలిపించారు. ఆయన మంగళవారం అన్నాడు. ఏ మంగళవారమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పోలీసులు ఎక్కడో పట్టుకున్న సరుకులోంచి విత్తనాలు సీలు వేసి పంపారు. విత్తనం ప్రభుత్వానిది, చాకిరీ ప్రజలది, మంట మళ్ళీ ప్రభుత్వానిది. అవి ఏం విత్తనాలో ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు. దేశ రహస్యం.

"ఇయి ఇంట్లోనే మొలకెత్తాల," అని కూర్మనాథం సంచీ తెచ్చి భార్య సింహాచలమ్మ చేతిలో పెట్టాడు.

ఇంట్లో విత్తనాలు మొలకెత్తించడమంటే ఆ సందులో ఆడవాళ్ళకి తెలిసింది ఒక్కటే. పెళ్ళికి పోసే పాలికలు.

"పెళ్ళెవులిదీ?" అంది సింహాచలమ్మ.

"ప్రభుత్వం వారిది," అన్నాడతను గంభీరంగా.

మేజర్‌గారి కూతురిదనుకుందామె. ఇక చూడాలి ఆ మర్యాద! పుట్టమన్ను కోసం బోటాటౌంగ్ పాత గోదాముల వెనక్కి వెళ్ళొచ్చింది. మూకుళ్ళకి పసుపుతాళ్ళు కట్టింది. రోజూ ముత్తయిదువలు వచ్చి పాలూ నీళ్ళూ చిలకరించి పాటలు పాడారు. తనిఖీకొచ్చిన మేజర్ ఆ పచ్చటి మొలకల్నీ పాటల్నీ చూసి, ఇంత క్రమశిక్షణ సైన్యంలో కూడా లేదన్నారు.

అంతలో కూర్మనాథానికి మింగళాడోన్ విమానాశ్రయం నుంచి పిలుపొచ్చింది. విమానం దిగే అతిథులకి చప్పట్లు కొట్టడంలో శిక్షణ. ఎప్పుడు మొదలెట్టాలో ఎవరైనా నేర్చుకుంటారు గానీ, ఎప్పుడు ఆపాలన్నదే అసలు విద్య. అది వంటపట్టించుకుని, చేతులు వాచి తిరిగొచ్చేసరికి ఇంట్లో మూకుళ్ళు బోర్లించి ఉన్నాయి.

"నారేదే?"

"ఏ నారు?"

"పాలికల్లో నారే!"

"గంగలో కలిపీసినాం," అంది సింహాచలమ్మ తృప్తిగా. "బోమూ బాబు ఇంటికాడ పెండాలేసినారు, బాజాలు మోగినాయి. పెళ్ళయిపోనాక పాలికలు ఇంట్లో ఎట్టుకుంటారేటి? దీపమెట్టి సాగనంపినాం."

ఆ పందిరి మేజర్‌గారికి కొత్త జీపు వచ్చిన సందర్భంలో వేసింది.

కూర్మనాథం పెరటి గుమ్మంలో కూలబడ్డాడు. సందు పోయినట్టే. లారీ మీద తన మంచం ఏ మూల పడుతుందో కూడా కళ్ళకి కట్టింది. ఏడుపొచ్చింది. తుడుచుకుని తలెత్తితే ఎదురుగా గోంగూర కనిపించింది. సందు పొడుగునా పెరళ్ళలో మనిషెత్తు గోంగూర. ఆకు చూస్తే చేతివేళ్ళలా చీలి, రంపంలా అంచులు. అతను లేచి నిలబడ్డాడు.

"నా గోంగూర తగలెట్టీసి నన్నేటి తినమంటావు బావా?" అంది పక్కింటి పైడితల్లి. ఆమె పిల్లల్ని సాకేది ఆ ఆకు చిమిండైంగ్ బజార్లో అమ్మి.

"సందుంటే మళ్ళీ ఏసుకోవచ్చే. సందే పోతే ఎక్కడేస్తావు?"

పైడితల్లి చివరిసారిగా లేత కొసలు గిల్లుకుని లోపలికి పోయింది.

గోంగూరని బర్మావాళ్ళు చిన్‌బౌంగ్ అంటారు. పళ్ళొచ్చిన నాటి నుంచీ పళ్ళూడే దాకా తింటారు. వేడుకకి ముందురోజు మేజర్ వచ్చి ఒక ఆకు తుంచి, వాసన చూసి, కొరికారు.

"చాలా ప్రమాదకరమైన సరుకు," అన్నారు మేజర్. పరీక్షకి పంపాలంటూ రెండు కట్టలు కోయించారు. డ్రైవర్ వాటిని తిన్నగా మేజర్‌గారి వంటింటికి చేర్చాడు.

వేడుక అద్భుతంగా జరిగింది. పచ్చి కాడలు ఎంత పెట్రోలు పోసినా మండక పొగలు చిమ్మాయి. అతిథుల కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "చూశారా మత్తు ఎలా పనిచేస్తోందో!" అన్నారు మేజర్. చిన్‌బౌంగ్ తిని పెరిగిన జనమంతా కిక్కురుమనకుండా నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక్క ముసలమ్మ మాత్రం, కాసిని ఎండురొయ్యలు పడుంటే బాగుండేదని గొణిగింది. ఆమెని వెనక వరసలోకి పంపారు.

మర్నాడు పేపర్లో ఫొటోతో సహా పడింది: ఏటి ఒడ్డు సందులో భారీ గంజాయి స్థావరం ధ్వంసం. మేజర్ కర్నల్ అయ్యారు. కూర్మనాథం ఆ పేపర్ని గోడకి అంటించుకున్నాడు. అంటించిన బంక ఆరకముందే సందులోకి లారీలొచ్చాయి.

అతను చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన ఆఫీసుకి పరిగెత్తాడు.

"బోమూ! మా సందు జోలికి రామని మాటిచ్చారండీ!"

"ఇప్పుడు కర్నల్‌ని," అని ఆయన ముందు ఆ తప్పు దిద్దారు. "మాట మంచి సందుకిచ్చాను. మీది గంజాయి స్థావరం. పేపర్ చూడలేదూ?"

"అది గంజాయి కాదండీ! చిన్‌బౌంగండీ! తమరూ తిన్నారు!"

కర్నల్ కుర్చీలో వెనక్కి వాలారు.

"అలాగా? అయితే ప్రభుత్వాన్నీ, విదేశీ అతిథుల్నీ మోసం చేశావన్నమాట. దానికి లారీ కాదు, జైలు. బాగా ఆలోచించుకుని చెప్పు, కూర్మా. గంజాయా, చిన్‌బౌంగా?"

కూర్మనాథం బాగానే ఆలోచించుకున్నాడు.

"గంజాయేనండీ."

"దేశభక్తి అంటే ఇదీ," అన్నారు కర్నల్.

కొత్త ఊళ్ళో కూర్మనాథానికి నాలుగు మేకులు, వాటి చుట్టూ ఒక తాడు ఇచ్చారు. ఆ తాడు లోపలి బురద అంతా అతనిదే. సింహాచలమ్మ ఆ బురదలో మంచం వేసి, సామానంతా మంచం మీద పెట్టింది. అవతల తాడు లోపల పైడితల్లి పిల్లలకి గొడుగు పట్టుకుని నిలబడింది. వెళ్ళిపోయాయనుకున్న వానలు మళ్ళీ అందుకున్నాయి.

ఆ సాయంత్రమే కొత్త జీపొచ్చింది. అందులోంచి సార్జెంట్ ఒకడు దిగి, సీలు వేసిన సంచీ కూర్మనాథం చేతిలో పెట్టాడు.

"మొన్నటి విజయం చూసి పైవాళ్ళు ఇంకో వేడుక పెట్టారు. ఈసారి ఇక్కడే. ఇంట్లో నారు ఎప్పుడు పోస్తారో కనుక్కుని రమ్మన్నారు కర్నల్‌గారు."

సింహాచలమ్మ మంచం మీది సామాన్లోంచి మూకుడు ఒకటి తీసి, కొంగుతో తుడిచింది.

"ఇల్లెక్కడుందో సూపించమనయ్యా బాబుని," అంది మొగుడితో. "ఈ పూటే నారు పోసెడతాను."