ఫత్హీ కొడుక్కి తొమ్మిది కొవ్వొత్తులు

సబ్రీ వాళ్ళమ్మ మా ఆవిడతో అన్నదట, మా ఆవిడ నా ముందు చిక్కుడుగింజల ఫూల్ గిన్నె పెడుతూ నాతో అన్నది: "మన జట్టులో గోలు కొట్టే ఒక్క మగాడూ, ఆ ఫత్హీ, మాయమైపోయాడు. పెళ్ళాం ఇంకా పచ్చిబాలింత, వీడు చూస్తే పక్కూరు మీత్ ఖర్రూబ్ వాళ్ళకి అమ్ముడుపోయాడు. శుక్రవారం ఆటకి రాడు." సబ్రీ వాళ్ళమ్మ కళ్ళారా చూసిందా అంటే లేదు. రొట్టెల పొయ్యి దగ్గర ఎవరో చెప్పారు. ఆ ఎవరో కూడా చూడలేదు. మా ఊరు కఫ్ర్ గుమ్మేజ్‌లో కళ్ళతో చూసిన సంగతికి ఎవరూ అంత విలువ ఇవ్వరు.

శుక్రవారం ఆటంటే ఆషామాషీ కాదు. మీత్ ఖర్రూబ్ మీద గెలిస్తే మూడో డివిజన్లో ఉంటాం. లేకపోతే నాలుగో డివిజన్లోకి జారతాం. అక్కడ ఆట మొదలవ్వాలంటే ముందు రిఫరీ మైదానంలోంచి గాడిదల్ని తోలాలి. నేను ఖమీస్‌ని, జట్టు మైక్రోబస్సు డ్రైవర్ని. ఆ ఊళ్ళ దారులు నాకూ తెలుసు, నా నడుముకీ తెలుసు.

ఫత్హీ లేకుండా గెలవడం కల్ల. మా వాళ్ళ పేర్లు వింటే మాత్రం ఎదుటి జట్టు బెదిరిపోవాలి. గోలీ అమీన్, అంటే నమ్మదగినవాడు. బంతి వాడి కాళ్ళ సందులోంచి వెళ్ళినన్నిసార్లు మా వీధి పిల్లులు కూడా వెళ్ళవు. వెనక కాచే హలీమ్, అంటే శాంతమూర్తి. ఎర్రకార్డు చూపించకుండా వాణ్ని ఇంటికి పంపిన రిఫరీ ఇంకా పుట్టలేదు. అంచున పరిగెత్తే సాబిర్, అంటే ఓర్పుగలవాడు. బంతి రాకముందే ముందుకు దూకి ప్రతిసారీ ఆఫ్‌సైడు. మధ్యలో ఆడే రషీద్, అంటే సరైన దారి ఎరిగినవాడు. ఎవరికి పాస్ ఇస్తాడో వాడికే తెలీదు. ఒక్క ఫత్హీ మాత్రం, అంటే తలుపులు తెరిచేవాడు, తన పేరు నిలబెట్టుకున్నాడు. వాడే లేడు.

ఈ మాట చెబుదామని బషందీ కొట్టుకి వెళ్ళాను. బషందీ మా వీధి ఇస్త్రీవాడు. పెద్ద ఇనుప పెట్టె మీద కాలు పెట్టి, ఆ కాలితోనే తోస్తూ ఇస్త్రీ చేస్తాడు. చేతులూ మెదడూ ఖాళీగా ఉంటే పరిశోధనకి పనికొస్తాయని అతని వాదన.

"ఖమీస్, ఇప్పుడు నువ్వెవరి ముందు నిలబడ్డావో తెలుసా?" అన్నాడు.

"ఇస్త్రీ బషందీ ముందు."

"పొరపాటు. నైలు రెండు పాయల మధ్య నేరప్రపంచం ఎవరి పేరు వింటే గజగజ వణుకుతుందో, ఆ అపరాధ పరిశోధక చక్రవర్తి ముందు."

ఈ చక్రవర్తి కిందటేడు మసీదు గడప దగ్గర పోయిన చెప్పుల కేసు చేపట్టాడు. నెల్లాళ్ళు ఊరంతా గాలించాడు, ఆ చెప్పులే తొడుక్కుని.

"ఫత్హీ కనపడ్డం లేదు," అన్నాను.

"తెలుసు. అదృశ్యహస్తం ఎవరిదో కూడా తెలిసిపోయింది." బల్ల మీద జట్టు చొక్కాలు పరిచాడు. శుక్రవారం ఆట కోసం ఇస్త్రీకి వచ్చినవి. "చూడు. తొమ్మిది చొక్కాల మీద మైనం చుక్కలు. మైనం దేనికి వాడతారు?"

"కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగిస్తాం. దాని మైనమేమో."

"అది నీబోటి అమాయకులు. కరుడుగట్టిన నేరస్థులు మైనంలో తాళంచెవి అచ్చు తీస్తారు. ఫత్హీని ఎక్కడో గదిలో పడేసి తాళం బిగించారు. ఎవరు? సొంత జట్టువాళ్ళు. ఎందుకు? అసూయ. తొమ్మిది మంది, తొమ్మిది దొంగతాళాలు."

"గదికి తాళం వేసేవాడికి ఒక్క తాళంచెవి చాలదా?"

బట్ట తడపడానికి అప్పుడే నోటినిండా నీళ్ళు పుక్కిట పట్టాడు. నా ప్రశ్నకి ఆ నీళ్ళన్నీ నా మొహాన కొట్టి, "అక్కడే ఉంది వాళ్ళ తెలివి," అన్నాడు.

మొహం తుడుచుకుని అతని వెంట బయల్దేరాను. అనుమానితుల్ని కనిపెట్టాలని బషందీ ఇస్త్రీ కొట్టు మూసేశాడు. ముందు హలీమ్ సైకిలు షాపు. పట్టపగలు షట్టరు సగానికి దించి ఉంది. బషందీ నేలమీద బోర్లా పడుకుని సందులో కన్ను పెట్టాడు. నేనూ పెట్టాను. లోపల హలీమ్ ఒక లావుపాటి కొవ్వొత్తి ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని, "ఆరిపోకే నా తల్లీ, ఇంకాసేపు, నా బంగారు కదూ," అని బతిమాలుతున్నాడు. వాడు మనుషులతో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడగా వినలేదు.

"రహస్య ముఠా," అన్నాడు బషందీ నా చెవిలో. "మంటకి మొక్కుతున్నారు."

సాబిర్ ఇంటి వెనక్కి వెళ్ళాం. వాడు కొవ్వొత్తిని ఉప్పునీళ్ళలో నానబెట్టి వెలిగించి, కాసేపు చూసి, విసుగొచ్చి ఊదేసి, "చాల్లే, ఇది తెల్లారేదాకా వెలుగుతుంది," అని తనకి తనే చెప్పుకున్నాడు. అమీన్ ఇంటి దగ్గర చూడాల్సింది ఎక్కువ లేదు. కొవ్వొత్తి చేతిలోంచి జారిపోయి చాప అంటుకుంది, వాళ్ళమ్మ చెంబుతో వాడి వెంట పడింది.

నాకు సంగతి అప్పటికే సగం అర్థమైంది. మా వైపు బిడ్డ పుట్టిన ఏడో రోజున తలా ఒక పేరు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఏది ఆఖరున ఆరుతుందో ఆ పేరే బిడ్డది. ఫత్హీ ఇంట్లో బిడ్డ. ఏడో రోజు గురువారం.

"బషందీ, గురువారం ఫత్హీ బిడ్డకి ఏడో రోజు కదా, ఈ కొవ్వొత్తులు..."

"ష్. మేధస్సు పనిచేస్తోంది. అడ్డు రాకు."

అడ్డు రాలేదు. ఫత్హీ పెళ్ళాం కానుపుకి పుట్టింటికి వచ్చింది కాబట్టి బషందీ నన్ను వాడి అత్తగారింటికి తీసుకుపోయాడు. అత్తగారు హాగ్గా నఫీసా, హజ్ చేసొచ్చినావిడని హాగ్గా అంటాం, గడప మీద కూర్చుని కూరకి పావురం ఈకలు పీకుతోంది. పక్కన అప్పటికే పీకినవి రెండున్నాయి. బాలింత ఒక్కతే, ఆవిడ తినే తిండి పిచ్చుక తిండి.

"హాగ్గా, నీ అల్లుడెక్కడ?" అన్నాడు బషందీ.

"ఎందుకు నాయనా?"

"ప్రశ్నలడిగేది నేను."

"అయితే అడుక్కో."

"పుట్టిందెవరు?"

"ఆడపిల్ల."

బషందీ నాకు కన్ను గీటి, వీధి మలుపు దాకా ఆగలేక అక్కడే మొదలెట్టాడు. "విన్నావా? దిష్టి తగులుతుందని మగపిల్లాణ్ని ఆడపిల్లని చెబుతారు మనవాళ్ళు. ఈవిడ ఆడపిల్ల అంది. కాబట్టి మగపిల్లాడు. దీన్ని తర్కం అంటారు."

"నిజంగా ఆడపిల్లే పుడితే ఏమంటారు?"

"ఆడపిల్లనే అంటారు."

"మరి తేడా ఎలా తెలుస్తుంది?"

"అందుకేగా డిటెక్టివులు ఉన్నది."

అతనొక్కణ్నే ఆడిపోసుకోలేను. ఊరంతా అదే లెక్క వేసుకుని మగపిల్లాడని తేల్చేసింది. నేనూ తేల్చేశాను.

బుధవారం సాయంత్రం జట్టు మైదానంలో సాధన చేస్తోంది. హాగ్గా నఫీసా డాబా సరిగ్గా మైదానాన్ని ఆనుకుని ఉంటుంది. అనుమానితులందర్నీ ఒక్కచోటి నుంచి కనిపెట్టాలంటే ఆ డాబాయే ఎక్కాలన్నాడు బషందీ. మారువేషం కూడా వేశాడు. వాళ్ళావిడ నల్లముసుగు నెత్తి నుంచి కప్పుకుని, మీసం కనపడకుండా కొసని పళ్ళతో కరిచిపట్టుకున్నాడు. వీధిలో ముగ్గురు, "సలాం బషందీ," అన్నారు. నాకు మాత్రం ఎవరూ సలాం చెప్పలేదు, సిగ్గుతో తలొంచుకుని వెళ్ళాను.

డాబా మీద హాగ్గా వాళ్ళ పావురాల గూడు ఉంది. పాత పలకలతో కట్టింది, నిలువెత్తు. "పైకెక్కితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది," అన్నాడు.

"అది పావురాలకి కట్టింది బషందీ."

"డేగకి పావురాల గూడొక లెక్కా?" అని ఎక్కేశాడు.

డేగ పైన ఊపిరి తీసుకునేంతసేపు నిలబడి ఉంటుంది. అంతే. ఫెళఫెళమంటూ గూడు కూలింది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి, దుమ్ము లేచింది, ఆ దుమ్ములోంచి, "అత్తో, చచ్చాను, ఏదో బర్రె పడింది నామీద," అని ఫత్హీ గొంతు వినిపించింది.

"కదలకు," అన్నాడు బషందీ. అతని రెండు చేతులూ పలకల సందులో ఇరుక్కున్నాయి, ముసుగు కళ్ళకి అడ్డం పడింది. "చట్టం చేతుల్లోంచి తప్పించుకోలేవు."

"నువ్వు లేస్తేగా నేను కదిలేది."

కింద సాధన ఆగిపోయింది. కెప్టెన్ హాదీ, జట్టుకి గురువు ఆయనే, ఈల నోట్లో ఉండగానే మెట్లెక్కి వచ్చాడు. వెనక తొమ్మిది మందీ. ఫత్హీ జుట్టునిండా ఈకలు. పక్కన ఎముకలు నాకి పెట్టిన కంచం.

హాగ్గా నఫీసా నిదానంగా పైకొచ్చి గూడు వంకా, బషందీ వంకా చూసింది. "వాడెక్కడన్నావు, ఎందుకన్నాను, ప్రశ్నలు నువ్వే అడుగుతానన్నావు. సరే అన్నాను. నా గూడెవడు కడతాడు?"

కెప్టెన్ హాదీ ఫత్హీ చెవి పట్టుకున్నాడు. "శుక్రవారం ఊరి పరువు పోతుంటే పావురాల్లో దాక్కుంటావట్రా?"

"బయటికొస్తే నా కాపురం పోతుంది కెప్టెన్," అన్నాడు ఫత్హీ. నవ్వులాటకి అన్నట్టు లేదు. "గోలు కొట్టాక నాకు ఒళ్ళు తెలీదు. పాస్ ఇచ్చినవాణ్ని కావిలించుకుని నోటికొచ్చింది అనేస్తాను. కొడుకు పుడితే నీ పేరే పెడతాను, మాట తప్పితే నాకూ నా పెళ్ళానికీ తెగిపోయినట్టేనని తలాక్ ఒట్టేస్తాను."

"నాతో వేశావు," అన్నాడు హలీమ్.

"నాతో ముందు," అన్నాడు సాబిర్.

"నేను గోలీని," అన్నాడు అమీన్. "నాతో కూడా వేశాడు. నేను కొట్టిన బంతి గాలికి అంతదూరం పోయింది."

అలా తొమ్మిది మందితో. ఒకడి పేరు పెడితే ఎనిమిది ఒట్లు తప్పుతాయి. అందుకని ఏడో రోజూ, ఆటా రెండూ గడిచేదాకా ఈకల్లో ఉండిపోదామనుకున్నాడు.

"ఆడపిల్లని మీ అత్త చెబుతోందిగా," అన్నాను నేను.

"నాకూ అదే చెప్పింది ఖమీస్. నా నోటి మీద ఆవిడకి నమ్మకం లేదు, అందుకే నా దగ్గర కూడా దాస్తోంది."

కెప్టెన్ తీర్పు చెప్పాడు. "రేపు కొవ్వొత్తులు వెలిగించండి. గెలిచినవాడి పేరు పెట్టు. మిగతా ఒట్లకి షేక్ గారేమంటారో ఆ తర్వాత చూద్దాం. ఎల్లుండి మాత్రం మైదానంలో ఉండాలి."

"పెళ్ళాం లేని ఇంటికి వెళ్ళేవాడు బంతి ఏం తంతాడు కెప్టెన్," అన్నాడు ఫత్హీ. కెప్టెన్ వాడి చెవి వదిలేశాడు.

గురువారం మధ్యాహ్నం హాగ్గా ఇల్లు నిండిపోయింది. బాలింత ఇంట్లో ఇచ్చే వేడి పానీయం, మొగాత్ గ్లాసులు చేతులు మారుతున్నాయి. పళ్ళెంలో తొమ్మిది కొవ్వొత్తులు. హలీమ్‌ది వాడి మోచేయంత లావు. సాబిర్ ఎవరూ చెప్పకముందే తనది వెలిగించేశాడు. బషందీ చేతికి కట్టుతో గోడకానుకుని, "కేసు ఛేదించింది ఎవరో అందరూ గమనించాలి," అని అడక్కుండానే అందరికీ చెబుతున్నాడు. ఫత్హీ మూలన కూర్చున్నాడు, మొహంలో నెత్తురు లేదు. వాడి భార్య రావ్యా మొగుడి వైపు చూడటమే మానేసింది. ఒట్ల సంగతి ఆ ముందురోజే తెలిసింది ఆమెకి.

హాగ్గా ఆచారం ప్రకారం బిడ్డని జల్లెడలో పడుకోబెట్టి తెచ్చింది. పళ్ళెం చూసింది. "ఏంటివన్నీ?"

"పేర్లు హాగ్గా. అమీన్, హలీమ్, సాబిర్, రషీద్..."

"ఇన్ని మగపేర్లు నేనేం చేసుకోను? ఆడపిల్ల అంటుంటే."

అందరూ నవ్వారు. "ఇంకా దాపరికం ఎందుకు హాగ్గా," అన్నాడు బషందీ. "దిష్టి పెట్టేవాళ్ళు ఎవరున్నారిక్కడ, అంతా మనవాళ్ళే."

హాగ్గా గుడ్డ విప్పింది.

హలీమ్ కళ్ళు దించుకున్నాడు. అమీన్, "ఇంకోసారి చూడరాదూ," అన్నాడు, వాళ్ళమ్మ వాడి డొక్కలో పొడిచింది.

"నేను ముందే చెప్పాను," అన్నాడు బషందీ. "ఆడపిల్ల పుడితే ఆడపిల్లనే అంటారని. ఖమీసే సాక్షి."

ఫత్హీ మూలలోంచి పాక్కుంటూ వచ్చాడు. "కొడుకు పుడితేనని కదా నేను ఒట్టేసింది. కొడుకు కాదుగా. కాదుగా హాగ్గా?" అంటూనే జల్లెడలోంచి బిడ్డని ఎత్తుకున్నాడు. అన్ని రోజులూ పై గూట్లో ఉండి వాడు కూతుర్ని ముట్టుకోలేదు. మెడ నిలవని పిల్లని రెండు చేతుల్లో పట్టుకుని, కదిలితే ఏమవుతుందోనని కొయ్యలా నిలబడిపోయాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, రావ్యానే తన ముసుగు కొసతో తుడిచింది.

హాగ్గా తొమ్మిది కొవ్వొత్తులూ ఊదేసి తనవి మూడు వెలిగించింది. ఆఖరిదాకా నిలిచిన పేరు నగాత్. అంటే గట్టెక్కడం.

శుక్రవారం మైదానం చుట్టూ డాబాలన్నీ జనం. రెండో సగం అయిపోవస్తున్నా గోలు లేదు. హలీమ్ ఎర్రకార్డుతో ముందే ఇంటికెళ్ళాడు. బషందీ గట్టు మీద కూర్చుని రిఫరీ మీద ఏదో కుట్ర పసిగట్టాడు. అప్పుడు రషీద్ ఎవరికో ఇవ్వబోయిన బంతి, తగలకూడని కాలికి తగిలి, ఫత్హీ ముందు పడింది. వాడు మీత్ ఖర్రూబ్ గోలీని ఒక పక్కకి పంపి బంతిని ఇంకో పక్కకి పంపాడు.

మేం గట్టెక్కాం. జనం మైదానంలోకి వరదలా దూకారు. ఫత్హీ ఒళ్ళు తెలీకుండా పరిగెత్తి, రషీద్‌ని కావిలించుకుని గాల్లోకి ఎత్తి, రెండు వీధులకి వినపడేలా అరిచాడు: "రషీదూ, ఈసారి కొడుకు పుడితే నీ పేరే పెడతాను, మాట తప్పితే నాకూ నా పెళ్ళానికీ..."

డాబా అంచున రావ్యా పిల్లని భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"ఈసారి నువ్వు కను," అంది.