ఆపడానికి ఒక ప్రసారం కావాలి

రోమ్ నగరంలో ఉపమంత్రి ఫుల్వియో బ్రకలెంతె గారు చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. ఇకపై ఈ దేశంలో ఫుట్‌బాల్ దొంగ ప్రసారం ఏదీ ముప్పై నిమిషాలకు మించి బతకదు. కోర్టు అక్కర్లేదు, జడ్జి అక్కర్లేదు, తన కార్యాలయంలో ఒక మీట నొక్కితే చాలు. చెప్పడమే కాదు, పత్రికల వాళ్ళ ముందు మీట నొక్కి చూపించారు. ఆ దెబ్బకు ఒక పళ్ళ డాక్టరు వెబ్‌సైటు, ఒక పిల్లుల ఆశ్రమం వెబ్‌సైటు ఆగిపోయాయి గాని, మీట మాత్రం చక్కగా పనిచేసిందని అందరూ ఒప్పుకున్నారు.

నేపుల్స్‌లో చేపల బజారు వెనక సందులో టీవీలు బాగుచేసే అనియెల్లో ఈ ప్రకటనను శ్రద్ధగా విన్నాడు. నాలుగేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ మ్యాచి బొమ్మ వెళ్ళేది అతని కొట్టు వెనక గదిలోంచే. ప్రభుత్వమంటే అతనికి గౌరవం. ముప్పై నిమిషాలన్నారు కదా అని ముప్పై ఒకటో నిమిషానికి కొత్త లింకు సిద్ధంగా ఉంచడం మొదలుపెట్టాడు. సందులో ఆడవాళ్ళు కూడా చట్టాన్ని మన్నించి, బొమ్మ పోగానే లేచి పొయ్యి మీద కాఫీ పెట్టేవారు. కాఫీ పొంగేలోగా బొమ్మ వచ్చేది.

"ఇదివరకు మ్యాచి మధ్యలో కాఫీ తాగే వీలే ఉండేది కాదు. ఈ మంత్రెవరో గాని చల్లగా ఉండాలి," అంది ఎదురింటి రకేలమ్మ.

ఇలా చట్టం, చట్టభంగం మంచి ఇరుగుపొరుగుల్లా కాపురం చేసుకుంటూ ఉండగా, అనియెల్లో చెల్లెలు ఇమ్మాకు కూతురు పుట్టింది.

జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా అన్నయ్యే నిలబడాలని ఇమ్మా పట్టు. ఆ ఊళ్ళో జ్ఞానతండ్రి అంటే ఫొటో కోసం నిలబడేవాడు కాదు, బతికినంతకాలం ఆ బిడ్డకు రెండో తండ్రి. పిల్లలు లేని అనియెల్లో ఆ మాట వినగానే సరేనన్నాడు. నిలబడాలంటే ముందు పాపసంకీర్తనం చెయ్యాలి, అంటే చర్చిలో ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవాలి. వెళ్ళాడు. చెక్క జాలీకి అవతల ఫాదర్ లిబోరియో ఓపిగ్గా అంతా విన్నారు.

"ఏడో ఆజ్ఞ ఏం చెబుతోంది నాయనా?"

"దొంగిలవద్దని. కానీ ఫాదర్, నేనేం ఎత్తుకుపోలేదు. మ్యాచి ఎక్కడున్నది అక్కడే ఉంది."

"అయితే ఇక్కడికెందుకొచ్చావు?"

"లోకమంతా చూస్తోంది ఫాదర్."

"నరకంలో కూడా జనం బోలెడుమంది ఉంటారట. మానెయ్యి. ఆదివారం నువ్వే నిలబడు. మానకపోతే మీ బావ తమ్ముడు సబతీనో నిలబడతాడు."

సబతీనో అంటే ఇమ్మా పెళ్ళిలో కేకు కోయకముందే ఒక మూల తినేసిన మనిషి. అనియెల్లో ఆ సాయంత్రమే కొట్లో తీగలన్నీ పీకేశాడు.

బుధవారం మ్యాచి మొదలైంది. రోమ్ కార్యాలయంలో అరవై మంది ఉద్యోగులు మీటల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. పది నిమిషాలయింది. ఇరవై అయింది. గోడంత తెర మీద దొరికిన ప్రసారాల లెక్క సున్నా నుంచి కదల్లేదు. దేశంలో మిగతా దొంగలంతా ఇన్నాళ్ళూ అనియెల్లో బొమ్మనే దొంగిలించి చూపిస్తున్నారన్న సంగతి అప్పుడు గాని బయటపడలేదు. అతను మానేస్తే అందరూ మానేసినట్టే. దొంగ ప్రసారాలు అంతరించిపోయాయి. ఈ విపత్తు గురించి తెలియగానే ఉపమంత్రిగారు భోజనం మధ్యలో లేచారు.

మర్నాడు పొద్దున్నే ఆయన నల్లకారు సందులో పట్టక చేపల బజారు దగ్గరే ఆగింది. వెంట కార్యాలయ అధిపతి ఒర్నెల్లా మంజో వచ్చింది. డిగ్రీ పట్టా ఉన్న ప్రతివారినీ డాక్టరనే ఊరు గనుక అనియెల్లో ఆమెను డాక్టరమ్మా అన్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు.

"ఒంట్లో బాగుండలేదా?" అన్నారు ఉపమంత్రిగారు ఆప్యాయంగా.

"బాగానే ఉందండి. మానేశాను."

"ఎవరి అనుమతితో?"

"మానేయమని తమరే కదండీ టీవీలో చెప్పారు."

"అది ప్రజలకు చెప్పాను. నీకు చెప్పానా?"

డాక్టరమ్మ ఫైలు తెరిచింది. "మా కార్యాలయాన్ని ఉంచాలా, తీసెయ్యాలా అని మంగళవారం పార్లమెంటు సంఘం తేలుస్తుంది. ఆదివారం పన్నెండున్నర మ్యాచిలో మేం ఎన్ని ఆపామో చూస్తారు. మీరు నడపకపోతే మేమేం ఆపాలి? అరవై కుటుంబాలండీ."

"నన్ను అరెస్టు చేశామని చెప్పుకోండి."

"ఆ అధికారం మాకు లేదు. మాది ఆపడం వరకే."

"ఆదివారం పన్నెండున్నరకే మా మేనకోడలి జ్ఞానస్నానం డాక్టరమ్మా. ఫాదర్‌కు మాటిచ్చాను."

ఉపమంత్రిగారు పెద్దమనసు చేసుకున్నారు. అక్కడికక్కడే ఏడు పేజీల ఉత్తర్వు రాయించారు. అనియెల్లో ప్రసారం ప్రభుత్వ యంత్రాన్ని పరీక్షించుకోవడానికి అవసరం గనుక చట్టవిరుద్ధం కాదని దాని సారాంశం. ముగ్గురూ దాన్ని పట్టుకుని చర్చికి వెళ్ళారు. ఫాదర్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"అయితే ఇది దొంగతనం కాదన్నమాట."

"ముమ్మాటికీ కాదు," అన్నారు ఉపమంత్రిగారు.

"మరి ముప్పయ్యో నిమిషంలో ఎందుకు ఆపుతారు?"

"దొంగతనం కాబట్టి."

ఫాదర్ కాగితాలు మడత చెడకుండా తిరిగిచ్చారు. "నేను పెద్దగా చదువుకోలేదు బాబూ. నాకు ఆజ్ఞ ఒక్క వాక్యంలో వచ్చింది. మీకు ఏడు పేజీలు ఎందుకు పట్టాయో తెలీదు. అనియెల్లో, ఇక నీ ఇష్టం."

అనియెల్లో చేతులు కట్టుకున్నాడు. "క్షమించండి సార్. నేను నడపను."

ఉపమంత్రిగారికి కోపం రాలేదు. గొప్పవాళ్ళకు రాదు. "అయితే కొట్టుకు సీలు వేయాలి. తాళంచెవి ఇచ్చెయ్," అన్నారు.

"మీది ఆపడం వరకే అన్నారు కదండీ."

"సీలు వేయడం కూడా ఆపడమే."

శనివారం డాక్టరమ్మ ఫెరారో అనే ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చింది. పీకిన తీగలు ఎక్కడివక్కడ పెడితే గాని సీలు కుదురుగా రాదంది. అనియెల్లో పెట్టాడు.

"ఈ పెట్టెల్లో ముందు ఏది ఆన్ చేసేవారు?"

"సీలుకు అదెందుకు డాక్టరమ్మా?"

"నివేదికలో రాయాలి. జనానికి లింకు ఎలా పంపేవారు?"

"అదీ నివేదికలోనా?"

"అనుబంధంలో."

ఫెరారో అన్నీ రాసుకుని, లోపలే ఉండిపోయాడు. తలుపుకు బయట సీలు పడింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఉపమంత్రిగారు, డాక్టరమ్మ విశేష అతిథులుగా ముందు బెంచీలో కూర్చున్నారు. అనియెల్లో కొత్త సూటులో, బిడ్డను గాజుబొమ్మలా ఎత్తుకుని నిలబడ్డాడు.

"సైతానును విడనాడుతున్నావా?" అన్నారు ఫాదర్.

"విడనాడుతున్నాను."

"వాని పనులన్నిటినీ?"

అనియెల్లో నోరు తెరిచేలోగా వెనక బెంచీలన్నీ ఒక్కసారిగా గోల్ అని అరిచాయి. ప్రార్థన పుస్తకాల మధ్య ఫోన్లు. నాలుగేళ్ళలో ఎన్నడూ లేనంత స్వచ్ఛమైన బొమ్మ.

"అనియెల్లో నాయనా, గడ్డి పరక పరకా కనిపిస్తోందిరా. అంతా బిడ్డ పుట్టిన వేళ," అంది రకేలమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

వంచబోయిన నీళ్ళపాత్రను ఫాదర్ వెనక్కి తీసుకున్నారు. రెండో వరసలో సబతీనో లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు. ఇమ్మా ముఖం పాలిపోయింది.

"మాటిచ్చావు అనియెల్లో."

"బిడ్డ మీద ఒట్టు ఫాదర్, నేను కాదు. కొట్టు తాళంచెవి నా దగ్గర లేదు."

"ఎవరి దగ్గరుంది?"

చర్చి యావత్తూ ముందు బెంచీ వైపు తిరిగింది. ఉపమంత్రిగారు హుందాగా లేచి గడియారం చూసుకున్నారు.

"ఎవరూ కంగారుపడొద్దు. దొంగ ప్రసారం ఆచూకీ మాకు దొరికింది. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆగిపోతుంది."

ఫాదర్ ఆయన వైపు చూశారు. తర్వాత అనియెల్లో వైపు చూశారు. బిడ్డ తల మీద మూడుసార్లు నీళ్ళు పోశారు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. రెండో తండ్రి అంతకన్నా గట్టిగా ఏడ్చాడు. సబతీనో గుండీలు విప్పుకుని కూర్చున్నాడు.

అప్పుడు రకేలమ్మ మెల్లగా లేచి చెయ్యెత్తింది.

"మంత్రిగారూ, ఆపండి, మేం కాదనం. కానీ ఇప్పుడే మనకు పెనాల్టీ ఇచ్చారు."

ఉపమంత్రిగారు డాక్టరమ్మ వైపు చూశారు. ఆమె స్తంభం చాటుకు వెళ్ళి, చర్చి మర్యాద చెడకుండా ఫోనులో గొంతు తగ్గించి అంది:

"ఫెరారో, ఇప్పుడే ఆపకు. కొట్టనివ్వు."