కాలి బొటనవేలి భద్రత

ఈ దేశంలో ఫోనుకు ఉన్నంత భద్రత మనిషికి లేదు. పెంటపాడు రైతు బంగార్రాజు ఫోనుకైతే మరీ ఎక్కువ.

ఏర్పాటంతా మేనల్లుడు వీరేంద్రది. వట్లూరు కాలేజీలో చదువుతున్నాడు కాబట్టి ఆ కుటుంబంలో సైబర్ శాఖ అతనిదే. "దొంగైనా పోలీసైనా ముందు మీ చేతివేలే పట్టుకుంటారు మావయ్యా. వాళ్లకి తట్టని వేలు పెట్టాలండి" అని కుడికాలి బొటనవేలి ముద్ర నమోదు చేశాడు. లాక్ నంబరు కూడా తనే పెట్టి, భద్రత దృష్ట్యా మావయ్యకు చెప్పలేదు. బంగార్రాజు రోజుకు ఇరవైసార్లు ఫోనుకు కాలు తగిలించి, ఇరవైసార్లూ కళ్లకద్దుకునేవాడు. (దసరాకు బొట్టు పెట్టిన వస్తువు మరి.)

అందులో అతనికి కావలసిందల్లా పోయినేడు చనిపోయిన భార్య మంగతాయారు పంపిన చివరి వాయిస్ మెసేజ్. రోజూ అది వినందే అతనికి అన్నం సహించదు.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఆ ఫోను పోయింది. మూడోరోజు దొంగ దొరికాడు. స్టేషన్లో (పేరు చెప్పడం మర్యాద కాదు) ఎస్సై శ్రీనివాసరావు గారు నిబంధన వినిపించారు.

"మీదేనని తెరిచి చూపించాలండి. తెరిచేదాకా ఫోను బల్ల మీంచి కదలకూడదు. సాయంత్రం ఐదు దాటితే కోర్టుకి వెళ్లిపోద్ది."

"మళ్లీ ఎప్పటికొస్తుందండీ?"

"మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి, వస్తది."

లాక్ నంబరు వీరేంద్రను అడుగుదామంటే అతని ఫోను నంబరు ఆ ఫోనులోనే ఉంది. "ఏమనుకోకండి" అంటూ బంగార్రాజు చెప్పు విడిచి, పంచె ఎగ్గట్టి, హెడ్ కానిస్టేబుల్ భుజం ఆసరాగా పట్టుకుని, ఎస్సై గారి బల్ల మీద కాలు పెట్టాడు.

ఫోను తెరుచుకుంది. (ఇది ఏ సెక్షన్ కిందికి వస్తుందోనని స్టేషన్ రైటరు పుస్తకం తిరగేయడం మొదలెట్టాడు.) బంగార్రాజు ఫోను కళ్లకద్దుకుని, ఇంకేమీ చూడకుండా ఆ మెసేజ్ నొక్కాడు.

"ఏవండీ, ఉల్లిపాయలు చూసి తీసుకోండి. కిందటిసారి సగం కుళ్లినవే తెచ్చారు."

బంగార్రాజు అందరి ముందూ ఏడ్చేశాడు. రైటరు పుస్తకం మూసేశాడు.

సంతకాలయ్యాక ఎస్సై గారు మిగతావాళ్లను బయటికి పంపి తలుపు వేశారు. జేబులోంచి తన సొంత ఫోను తీసి బల్ల మీద పెట్టి, బూటు లేసు విప్పుతూ గొంతు తగ్గించారు.

"పైనుంచి వచ్చి మా ఫోన్లు తనిఖీకి పట్టుకెళ్తారంటున్నారండి. బొటనవేలు చాలంటారా, చిటికెన వేలు పెట్టమంటారా?"