రాకెట్ చెవుల్లో దూది

శుక్రవారం పొద్దున్నే సెలూన్ షట్టరు పైకి తోస్తూ రాకెట్ ఒక్కటే అనుకున్నాడు. ఆదివారం మొదటి ఆట దాకా ఈ చెవుల్ని కాపాడుకుంటే చాలు, ఇక ఏ దిగులూ లేదు. రాకెట్ అన్నది అతనికి కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. ఆకాశనౌకల సినిమా అంటే ఒళ్లు మరిచిపోయే మనిషి కాబట్టి వీధిలో వాళ్లంతా కలిసి తగిలించిన పేరు. అతనికీ అదే నచ్చింది.

అతను ప్రాణం పెట్టుకున్న సినిమా మూడో భాగం ఆ రోజే విడుదలైంది. మొదటి రెండు భాగాల్లోనూ ఒక నౌక దారి తప్పి చుక్కల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఎక్కడి నుంచో ఒక గొంతు "రండి... రండి..." అని పిలుస్తూ ఉంటుంది. ఆ గొంతు ఎవరిదో చెప్పకుండానే రెండో భాగం ముగించి, ఆ దర్శకుడు మహానుభావుడు ఏళ్ల తరబడి చల్లగా కూర్చున్నాడు. అన్నేళ్లూ రాకెట్టూ అతని కూతురూ కంచాల ముందు కూర్చుని వాదించుకున్నారు. గొంతు గ్రహాంతరవాసిదని తండ్రి, కాదు నౌకే మాట్లాడుతోందని కూతురు. వచ్చే నెల ఆ పిల్ల కాలేజీ హాస్టలుకు వెళ్లిపోతుంది. ఆ లోపల, పక్కపక్కన కూర్చుని, ఇద్దరూ ఒకే క్షణాన ఆ సంగతి తెలుసుకోవాలని ఒట్టు వేసుకున్నారు. నర్సుగా పనిచేసే భార్యకు ఆదివారం గాని సెలవు దొరకదు. ఆమెను వదిలేసి సినిమాకు వెళ్లే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

చిక్కల్లా సెలూన్‌తోనే. తల అప్పగించి నోరు కట్టేసుకునేవాడు లోకంలో ఇంకా పుట్టలేదు.

"రెండ్రోజులు షాపు మూసేయండి, పీడా పోతుంది" అని ఇంటి దగ్గర బయల్దేరేముందే అంది భార్య.

"గిరాకీ ఉన్నప్పుడు మూస్తారటే ఎవరైనా? నా దగ్గర ప్లానుంది. కాస్త దూది ఇలా ఇవ్వు."

ఆమె దూది ఉండలు చేసి ఇచ్చింది. అతను చెవుల్లో కూరుకుని, అద్దంలో చూసుకుని, తన తెలివికి తానే మురిసిపోయాడు.

మొదటి గిరాకీ రిటైరైన లెక్కల మాస్టారు. "వెనకాల సన్నగా, పైన మాత్రం ముట్టుకోకు" అన్నారాయన. రాకెట్ నవ్వుతూ తలూపి పైనుంచే మొదలుపెట్టాడు. మాస్టారు లబోదిబోమన్నారు. రాకెట్ ఇంకా ప్రసన్నంగా తలూపి, మరికాస్త తీశాడు. కుర్చీ దిగేసరికి మాస్టారి నెత్తి మీద మిగిలింది చెప్పుకోదగ్గది కాదు. కోప్పడబోయిన ఆయనకు అప్పుడు కనిపించింది చెవిలో దూది. పాపం, పెద్దాయన మనసు వెన్నలా కరిగిపోయింది. రాకెట్ భుజం తట్టి, మామూలు కన్నా ఎక్కువిచ్చి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లారు.

"రాకెట్‌కి చెవులు పోయాయండీ! దూది పెట్టింది ఎవరనుకున్నారు? భార్యే! నర్సు కదా, ఆవిడకి తెలీదూ?" అని మాస్టారు మలుపు దగ్గర చెప్పిన మాట, మధ్యాహ్నానికి ఆపరేషన్ చేసినా లాభం లేదట అనేదాకా పెరిగింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే జాలిగా చూడటం, సైగలు చేయడం, ఏమీ మాట్లాడకుండా తల వంచి కూర్చోవడం. రాకెట్‌కు విషయం అర్థమయ్యేసరికి సాయంత్రమైంది. అర్థమయ్యాక భయపడ్డాడా? ఎంతమాత్రం లేదు. చెవులు వినపడనివాడికి సినిమా కథ ఎవడు చెబుతాడు? ఇంతకన్నా మంచి ప్లాను తనకే తట్టలేదే అని చింతించాడు.

శనివారం మాత్రం మనసాగక, సెలూన్‌కు పలకరించడానికి వచ్చిన సందు చివరి ఎలక్ట్రీషియన్‌కైనా నిజం చెబుదామని ఒక చెవిలో దూది పీకాడు. అతను రాకెట్‌ను సొంత అన్నలా చూసుకునే మనిషి. సరిగ్గా అప్పుడే బెంచీ మీద ఒకడు పక్కవాడితో "ఆ గొంతుంది చూడు, అది..." అంటున్నాడు. రాకెట్ కెవ్వున అరిచి దూది మళ్లీ కుక్కుకున్నాడు. ఎలక్ట్రీషియన్ పరుగున వెళ్లి ఫ్యాను కట్టేశాడు. గాలి సోకితేనే ఇంత నొప్పా అనుకున్నాడు.

ఆ సాయంత్రం సంచి పట్టుకుని మామగారు దిగారు. ఆయన దాకా వార్త ఎలా పాకిందో ఎవరికీ తెలియదు.

"నాన్నకి నిజం చెప్పేద్దామండీ" అని గుసగుసలాడింది భార్య వంటింట్లో.

"మీ నాన్న నోట్లో నువ్వుగింజ నానదు. వీధిలోకి వెళ్లి అందరికీ చెప్పేస్తాడు. రేపు సినిమా అయ్యాక చెబుదాం."

దాని ఫలితం రాకెట్ భోజనాల దగ్గర అనుభవించాడు. ఇంట్లో అతని చెవుల్లో దూది లేదు. మామగారు ఎదురుగా కూర్చుని అతన్నే చూస్తూ కూతురితో మనసు విప్పారు.

"మంచివాడేనమ్మా. కానీ ఈ సంబంధం వద్దని నేను మొత్తుకున్నాను. గుర్తుందా? అప్పుడే ఈ వాలకం చూసి, వీడు నేల మీద నడిచే రకం కాదన్నాను."

"నాన్నా, ఊరుకో!"

"వినపడదులేవే. గురక కూడా వాళ్ల నాన్నదే వచ్చింది."

రాకెట్ చిరునవ్వు చెదరకుండా మజ్జిగ పోసుకున్నాడు. పిల్ల నవ్వాపుకోలేక నీళ్లు తాగే వంకతో లేచిపోయింది.

ఆదివారం నలుగురూ హాల్లో కూర్చున్నారు. కూతురు తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. రాకెట్ దర్జాగా దూది తీసి జేబులో వేసుకున్నాడు. గెలిచేశాననుకున్నాడు. అప్పుడు రెండో పక్క సీట్లో ఎవరో ధబ్బున కూలబడ్డారు. ఎలక్ట్రీషియన్!

"నీకోసమే వచ్చానన్నా! నేను మొన్ననే చూశా! నీకు వినపడదు కదా, అన్నీ నేను చెబుతా!" అంటూ రాకెట్ చెవిలో నోరు పెట్టి, ప్రాణం ఉన్నంత మేర అరిచాడు. "ఆ గొంతు ఎవరిదో కాదన్నా! కెప్టెన్ చచ్చిపోయిన తమ్ముడిది!"

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. వెనకనుంచి తిట్లు, ముందునుంచి పాప్‌కార్న్ వచ్చి పడ్డాయి. రాకెట్‌కు గుండెలో ఏదో తెగినట్టయింది. ఇన్నేళ్ల ఎదురుచూపు, రెండు రోజుల తిప్పలు, ఒక్క అరుపుతో బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల కళ్లు నీళ్లతో నిండాయి. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

సినిమా మొదలైంది. నౌక మండింది, తోకచుక్కలు రాలాయి, రాకెట్ మాత్రం చావు కబురు విన్నవాడిలా చూస్తూ కూర్చున్నాడు. చివరికి నౌక ఆ గొంతు వచ్చే గ్రహం మీద దిగింది. నౌకలో దీపాలారిపోయి తెర మొత్తం నల్లబడింది. బొమ్మ లేదు, అక్షరం లేదు. ఆ చిమ్మచీకట్లో గొంతు వినిపించింది.

"రండి... రండి... ఎంతసేపని కాచుక్కూర్చోను? వండినవన్నీ చల్లారిపోతున్నాయి."

మొదటి భాగంలో ఓ గ్రహం మీద దిగి, తిరిగి బయల్దేరేటప్పుడు ఎక్కాడో లేదో ఎవరూ చూసుకోని మనిషి! ఇన్నేళ్లూ ఏ అభిమానికీ గుర్తురాని మనిషి!

"వంటాయన!" అంటూ తండ్రీకూతుళ్లిద్దరూ ఒకే క్షణాన ఎగిరి లేచారు. ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. భార్య కూడా కొంగుతో కళ్లొత్తుకుంది.

దీపాలు వెలిగాయి. ఎలక్ట్రీషియన్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"తప్పు చెప్పావు బాబాయ్!" అంది పిల్ల.

"మొన్న ఇంటర్వెల్లో ఎవరింట్లోనో ఫ్యూజు పోయిందని ఫోనొస్తే వెళ్లిపోయానమ్మా. మిగతాది నేనే ఊహించుకున్నా" అన్నాడతను తల గోక్కుంటూ. అంతలోనే ఏదో తట్టి బిగ్గరగా అరిచాడు. "అది సరే! తెర మీద బొమ్మే లేదు కదా, అన్నకెలా తెలిసింది? వినపడింది! అన్నకి వినపడింది!"

హాలంతా చప్పట్లు. ఇందాక పాప్‌కార్న్ విసిరినవాళ్లే వచ్చి చేతులు కలిపారు. మామగారి ముఖం మాత్రం పాలిపోయింది.

"బాబూ... నీకు వినపడటం ఇప్పుడేనా, లేక నిన్న భోజనాల దగ్గర కూడా..."

రాకెట్ కూతురి వైపు చూశాడు. ఆ క్షణాన అతనికి లోకంలో ఎవరి మీదా కోపం లేదు.

"ఇప్పుడే మామయ్యగారూ. ఆ వంటాయన పిలవగానే."

మామగారికి పోయిన ప్రాణం లేచివచ్చింది. ఆనందం పట్టలేక, ఎవరు ఆపుతున్నా వినకుండా బయటికి పరుగు తీశారు. అక్కడ రెండో ఆట కోసం జనం గేటు దాకా బారులు తీరి ఉన్నారు.

"అయ్యలారా, అమ్మలారా, వినండి! చీకట్లో పిలిచేది ఎవరో కాదు, మొదటి భాగంలో తప్పిపోయిన వంటాయనే! ఆ గొంతు వినగానే మా అల్లుడికి చెవులొచ్చాయి!"

తమ చెవులు ఎందుకు పోలేదా అని ఆ వరుసలో బాధపడనివాడు లేడు.