వీలుపడని వీలునామా

నా కళ్లజోళ్ల దుకాణానికి వచ్చే పెద్దాయన ఒకరు అద్దాలు తుడుచుకుంటూ ఓ రహస్యం చెప్పారు. "వీలునామా రాస్తున్నానన్న మర్నాటినుంచీ ఇంట్లో నా కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదండీ."

మా ఇంట్లో నా కుర్చీలో ఉతికిన బట్టలు కూర్చునేవి. వాటికి ఇబ్బంది కలగకుండా నేను ఓ అంచున సర్దుకునేవాణ్ణి. ఇంట్లో నా మాట విలువెంతో వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాను వేయమంటే, తలుపు వేసేవారు.

ఆ సాయంత్రమే అందరూ ఉండగా గొంతు సవరించుకున్నాను.

"వీలునామా రాస్తున్నాను."

మా ఆవిడ కుట్టుమిషను దగ్గర ఉంది. వీధిలో సగం మంది జాకెట్లు ఆవిడే కుడుతుంది. పెదాల మధ్యనున్న గుండుసూదులు తీసి, "ఒంట్లో బాగాలేదా?" అంది.

"ఒళ్లు నిక్షేపంలా ఉంది. నన్ను ఎవరు బాగా చూసుకుంటే ఇల్లు వాళ్లకే. నెలాఖరుకి తేలుస్తాను."

"రాయండి. చేతిరాతైనా బాగుపడుతుంది," అని సూదులు మళ్లీ నోట్లో పెట్టుకుంది.

పాచిక పారింది మాత్రం పిల్లల దగ్గర. మర్నాడు పొద్దున్నే మాతో ఉండే మా అబ్బాయి నా స్కూటరు కడిగాడు. ఆ సంగతి తెలిసి, రెండు వీధుల అవతల కాపురమున్న మా అమ్మాయి వచ్చి కడిగిన స్కూటరునే మళ్లీ కడిగింది. రెండు స్నానాలకు దానికి జలుబు చేసి వారంపాటు స్టార్టు కాలేదు. అబ్బాయి నా కుర్చీలో దిండు వేస్తే, అమ్మాయి ఇంకో రెండు తెచ్చింది. మూడు దిండ్ల మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందక, దిగడానికి మనిషి కావాల్సి వచ్చేది. అయినా ఆ ఎత్తునుంచి ఇల్లు చూడటం బాగానే ఉంది.

మా ఆవిడ సరే, మా అక్క కూడా మారలేదు. అమ్మానాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. అక్క చదువు మానేసి, అచ్చాఫీసులో అక్షరాలు కూర్చి నన్ను పెంచింది. పెళ్లి మాటెత్తితే "ముందు వీడు స్థిరపడనీ" అనేది. నేను స్థిరపడేలోపు సంబంధాలవాళ్లంతా వేరేచోట్ల స్థిరపడిపోయారు. ఇప్పుడు మా ఇంటి వెనక గదిలో ఉంటుంది.

"కాళ్లు వాళ్ల చేతుల్లో పెట్టి కూర్చున్నావు. రేపు నడవాలంటే అరువడగాలిరా," అంది అక్క నన్ను చూసి.

ఆవిడన్నంతా అయింది. ఓ ఆదివారం అమ్మాయి నా ఎడమకాలు పడుతోంది, అబ్బాయి కుడికాలు.

"ఇల్లు నాకొస్తే వెనక గది కొట్టించేస్తా. కారు పడుతుంది," అన్నాడు అబ్బాయి.

"కారెందుకు, వంటిల్లు పెంచాలి. కొట్టించేది మాత్రం ఆ గదే," అంది అమ్మాయి.

"నాన్న కుడికాలికి వాపు ఎక్కువ. పని ఎక్కువ నాది, ఇల్లూ నాదే."

"ఎడమకాలికి ఆనె ఉంది, కనబడటం లేదా?"

చెరో కాలూ చెరో దిక్కు లాగారు. నేను దిండ్లతో సహా కిందపడ్డాను. పడుతూ గమనించింది ఒక్కటే, మా ఆవిడ మిషను చప్పుడు ఆగిపోయింది. నేను పడినందుకేనని సంతోషించాను.

పై ఆదివారం వకీలుగారిని ఇంటికి పిలిచాను. "అవును" అనడానికి కూడా గడువు అడుగుతాడని ఆయన్ని వాయిదాల వకీలంటారు. పదకొండు పేజీల నా చిత్తుప్రతి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి తిప్పారు.

"స్కూటరు గురించి పేజీన్నర రాశారు. మీ అక్కగారి పేరు ఎక్కడా కనబడటం లేదే?"

నేను కళ్లజోడు తీసి తుడిచాను. "పన్నెండో పేజీలో రాద్దామని…"

గుమ్మంలో నిలబడ్డ అక్క నెమ్మదిగా అంది. "నాకు ఆస్తెందుకురా. ఆ గది కొట్టించేటప్పుడు మాత్రం ఒక రోజు ముందు చెప్పండి. పెట్టె సర్దుకుంటాను."

అబ్బాయి తల దించుకున్నాడు. అమ్మాయి నేల చూసింది. నాకు మూడు దిండ్ల మీదనుంచి దిగాలనిపించింది, దించే నాథుడు లేడు.

మా ఆవిడ మిషను సొరుగులోంచి ఒక కవరు తీసి వకీలుగారికి ఇచ్చింది.

"ఏమండీ, ఇల్లు ఎవరిది?" అంది నాతో.

"మనదే. అంటే నాది."

"కొన్నప్పుడు రిజిస్ట్రేషను ఆఫీసుకి ఎవరు వెళ్లారు?"

గుర్తొచ్చింది. ఆ రోజు వరసలో నిలబడే ఓపిక లేక, "నువ్వే వెళ్లి నీ పేరున పెట్టించుకో" అన్నాను. తర్వాత ఇరవై రెండేళ్లు హాయిగా మరిచిపోయాను.

"కాగితాల్లో ఆవిడ పేరొక్కటే ఉంది," అన్నారు వకీలుగారు. జీవితంలో మొదటిసారి వాయిదా అడక్కుండా. "మీ వీలునామాకి మిగిలింది స్కూటరండీ."

"పోయిన వారమే నేను వీరి దగ్గరికి వెళ్లాను," అంది మా ఆవిడ. "ఇల్లు ట్రస్టులో పెడుతున్నాను."

"ట్రస్టా? అంటే నామీద నమ్మకం లేకనా?"

"లేకే కదండీ ట్రస్టు." ఆ తర్వాత అక్క వైపు తిరిగింది. "వీలునామా అయితే నేను పోయాక గానీ పనిచెయ్యదు వదినా. మీ గది నేనుండగానే ఖాయం కావాలి. మీరు ఉన్నన్నాళ్లూ ఆ గది మీది. అందాకా ఎవరూ ఇల్లు అమ్మకూడదు, గోడ కొట్టకూడదు. నా తర్వాత పిల్లలిద్దరూ కలిసి చూసుకోవాలి. ఏ పనైనా ఇద్దరి సంతకాలూ ఉంటేనే చెల్లుతుంది."

"మరి నేనో?" అన్నాను.

వకీలుగారు తన సంచిలోంచి ట్రస్టు కాగితం తీసి, వేలితో వెతికి చదివారు. "భర్తగారు బతికున్నంతకాలం ఇంట్లో ఉండవచ్చును."

కనీసం సాక్షి సంతకమైనా చేసి పెద్దరికం నిలబెట్టుకుందామని కలం తీశాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టారు.

"లాభం పొందేవారు సాక్ష్యానికి పనికిరారండీ. పక్కింటివాళ్లను పిలవండి."

నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. సంతకాలయ్యాయి. అక్క కాగితం రెండుసార్లు చదివింది. అచ్చాఫీసు మనిషి కదా, ఒక అక్షరదోషం పట్టుకుని వకీలుగారిచేత దిద్దించింది. తర్వాత మా ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అమ్మాయీ అబ్బాయీ అత్తయ్య కాళ్లదగ్గర కూర్చున్నారు, ఈసారి ఏ కాలు ఎవరిదన్న మాట రాలేదు. ఓడిపోయినవాణ్ణి నేనే. అయినా గుండె దూదిలా తేలికైంది, ఎందుకో మీరే చెప్పాలి.

సాయంత్రం అక్కకు క్షమాపణ చెప్పుకుందామని వెనక గది తలుపు నెట్టాను. లోపల గడియ వేసి ఉంది. ఆ గడియ పడగా నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరూ?"

"నేనే అక్కా, తమ్ముణ్ణి."

"పడుకున్నాను. రేపు రారా," అంది అక్క, మహారాణిలా.