నలభై మూడు నిబంధనలు, ఒక్క నక్షత్రం

సెలవుల్లో విశ్రాంతి తీసుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకి మంచి ఓనరు దొరకలేదన్నమాట!

మాకు దొరికాడు. పేరు బ్రెంట్. ఉండేది ఫ్లోరిడాలో. మా సరస్సు ఒడ్డున ఆయనకి చిన్న కలప ఇల్లొకటి ఉంది, రోజుల లెక్కన అద్దెకిస్తాడు. ఆ ఇంటి వంటగది గోడ మీద ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితం ఉంటుంది. అందులో నలభై మూడు నిబంధనలు. ఏటా ఫిబ్రవరిలో నేనూ, నా స్నేహితులు ముగ్గురూ మూడు రోజులు మంచులో సరదాగా గడపడానికి వెళ్లేది ఆ ఇంటికే. ఇంటికి అనడం కన్నా ఆ కాగితం దగ్గరికి అనడం సబబు.

నిబంధనలంటే మొహం చిట్లించే జనంతో నాకు పడదు. ముప్పై ఒక్కేళ్లు కౌంటీ ఆఫీసులో, ఆస్తుల రిజిస్ట్రేషన్ విభాగంలో గుమాస్తాగిరీ చేశాను నేను. "బూట్లకున్న మంచు ఇచ్చట దులపరాదు" అన్న బోర్డు రాసింది ఈ చేతులే. మంచి నిబంధనేదో, చవకబారు నిబంధనేదో వాసన చూసి చెప్పేస్తాను. బ్రెంట్ గారివి అసలైన సరుకు.

పదకొండోది చూడండి. "మంచు పడినప్పుడల్లా అతిథులు దారులు శుభ్రం చేయవలెను." ఎంత ముచ్చటగా ఉంది! ఫ్లోరిడా ఎండలో కూర్చుని రాసిన ముక్క కదా. మిషిగన్ ఉత్తర కొసన, మా దగ్గర, పడినప్పుడల్లా అంటూ ఏమీ ఉండదు. థాంక్స్‌గివింగ్ ముందు, నవంబరులో మొదలుపెడితే ఈస్టర్ దాకా పడుతూనే ఉంటుంది. అంచేత డ్యూటీలు వేసుకున్నాం. తెల్లారగానే రూడీ, ఆ తర్వాత అతని భార్య బెర్నీస్, ఆవిడ తర్వాత నేను, నా తర్వాత వేనో, మళ్లీ రూడీ. తలుపు దగ్గర్నుంచి కారు దాకా తోసుకుంటూ వెళ్లి వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర మళ్లీ చీలమండ లోతు.

రూడీ ముప్పై రెండేళ్లు కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపి రిటైరయ్యాడు. సెలవుకి వచ్చి ఏం చేస్తున్నాడు? మంచు తోస్తున్నాడు. అదీ లారీ లేకుండా! ఒళ్లు వంచి పనిచేసే అలవాటు పోకుండా అతన్ని కాపాడుతున్నదెవరు? ప్రభుత్వమా? డాక్టరా? బ్రెంట్ గారు.

ఇరవై తొమ్మిదోది నిశ్శబ్దం గురించి. ముందుగదిలో తెల్లటి బిళ్లొకటి ఉంది. ఇంట్లో చప్పుడెంతో కొలిచి ఫ్లోరిడాకి కబురు పంపుతుంది. మా బెర్నీస్ నలభై ఏళ్లు స్కూలు వంటశాలలో, రెండొందల మంది పిల్లల గోల దాటి వినపడేలా మాట్లాడిన మనిషి. ఆవిడ నవ్విందంటే పళ్లేలు కదులుతాయి. మొదటిసారి వచ్చినప్పుడు పేకాటలో ఓడిన రూడీ మొహం చూసి ఒక్కసారంటే ఒక్కసారి నవ్వింది. నిమిషంలో నా ఫోను మోగింది. "హాయ్ ఫ్రెండ్స్! సౌండ్ కొంచెం ఎక్కువైనట్టుంది!" అని బ్రెంట్ గారు, పక్కనే పచ్చటి నవ్వుమొహం బొమ్మ. అప్పట్నుంచి బెర్నీస్‌కి నవ్వొస్తే కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, కారులోకి వెళ్లి, అద్దాలు మూసుకుని నవ్వి వస్తోంది. ఎంత క్రమశిక్షణ! ఏ జోకు కోటు తొడుక్కునేపాటి చేస్తుందో, ఏది చెయ్యదో ఇప్పుడు ఆవిడకి బాగా తెలుసు.

ఇంట్లో ఉల్లిపాయ వాసన రాకూడదని ఇంకోటి. మా ఊళ్లో పేస్టీ అంటే పిండి మడతలో మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ. ఉల్లిపాయ లేకపోతే అది పేస్టీ కాదు, శిక్ష. అందుకని వసారాలో నిలబడి, గ్లవ్స్ వేసుకున్న చేతుల్తో పట్టుకుని, గడ్డకట్టే చలిలో తిన్నాం. రూడీ మీసానికి పేస్టీ తునకొకటి గడ్డకట్టి సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది. చల్లగాలి ఆకలిని పెంచుతుందని డాక్టర్లే చెబుతారు కదా?

"ఇంత అవస్థ ఎందుకమ్మా, పాటించకపోతే ఏమవుతుంది?" అని మీరడగొచ్చు. నక్షత్రాలు పోతాయి! మనం ఇంటికి నక్షత్రాలిచ్చినట్టే ఇంటివాడు మనకీ ఇస్తాడు. బుకింగ్ నా పేరు మీద ఉంది. నాకు అయిదుకి అయిదు. సర్వీసు మొత్తంలో ఒక్క మెచ్చుకోలు కాగితం ఎరగనిదాన్ని, ఆ అయిదు చుక్కల్నీ ఫోనులో రోజుకోసారి చూసుకుంటాను. మీరు నవ్వకండి.

ఈ ఇంటికి నిబంధనల్లేని చీకటి రోజులు కూడా ఉన్నాయి. ఆ సంగతీ చెప్పాలి.

అయిదేళ్ల కిందటి దాకా ఇది మా వేనో ఇల్లు. వేనో లాహ్తి, చిన్నప్పట్నుంచీ మాతోపాటు ఒకే బడిలో చదివినవాడు. వాళ్ల తాత ఫిన్లండ్ నుంచి వచ్చి ముందు సౌనా, అంటే పొయ్యి మీది వేడిరాళ్ల మీద నీళ్లు పోసి ఆవిరి పట్టే గది, కట్టాడు, ఆ తర్వాత ఇల్లు కట్టాడు. మా వాళ్లందరిదీ అదే వరస. ఒంటికి ఆవిరి పట్టందే గోడలు లేపడం మాకు చేతకాదు. రోడ్డు మంచులో మూసుకుపోయిన రోజున వేనో వాళ్లమ్మ అతన్ని కన్నది కూడా ఆ సౌనా బల్ల మీదే. తాళంచెవి చూరు కింద మేకుకి వేలాడేది. కావలసినవాళ్లు తీసుకునేవాళ్లు. నియమం ఒకే ఒక్కటి: సౌనాలోంచి ఆఖర్న బయటికొచ్చినవాళ్లు, తర్వాత వచ్చేవాళ్ల కోసం పొయ్యి పక్కన ఎండుకట్టెలు పేర్చి, బకెట్లలో నీళ్లు నింపి రావాలి. అది కూడా ఎక్కడా రాసిలేదు. ఎక్కడా రాసిలేని నియమాన్ని డెబ్బై ఏళ్లపాటు అందరూ పాటించారంటే ఎంత అజ్ఞానంలో బతికామో చూడండి!

మోకాళ్లు రెండూ మార్పించుకున్నాక పైకప్పు మీది మంచు తొయ్యలేక వేనో ఇల్లు అమ్మేశాడు. ఆ దస్తావేజు మీద ముద్ర కొట్టింది నేనే. అది నా సర్వీసులో ఆఖరి ఏడాది. కౌంటరు అవతల నిలబడి, "అంతేనా?" అన్నాడు వేనో. "అంతే" అన్నాను. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ సౌనాకి నంబర్ల తాళం ఉంది. పంతొమ్మిదో నిబంధన ఇలా ఉంటుంది: "పెరటిలోని చిన్న కట్టడం అలంకారం నిమిత్తం మాత్రమే. లోనికి ప్రవేశం లేదు." లోపల ఉన్నవి బ్రెంట్ గారి వేసవి కుర్చీలు, దిండ్లు, నీళ్ల మీద నిలబడి తెడ్డేసే పలకలు. పలకలకి కూడా తలదాచుకునే చోటు కావాలి కదా!

వేనో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అతని వంతు వచ్చినప్పుడు పార తీసుకుంటాడు. కారు దాకా తోస్తాడు, చెత్తడబ్బా దాకా తోస్తాడు, ఆ తర్వాత పెరటివైపు తిరిగి సౌనా తలుపు దాకా తోస్తాడు. అటు నడిచేవాళ్లెవరూ లేరు. రెండు గంటల్లో దారి పూడుకుపోతుంది. మళ్లీ వంతు రాగానే మళ్లీ తోస్తాడు. ఇది మూడో ఏడు.

"ఆ దారి జాబితాలో లేదు వేనో" అన్నాను, గుమాస్తా బుద్ధి ఊరుకోక.

"చేతులు ఖాళీగా ఉన్నాయి" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఫోను మోగింది. "హాయ్ ఫ్రెండ్స్! కెమెరాలో చూశా! అటువైపు మంచు తియ్యక్కర్లేదు! ఏప్రిల్లో ఆ షెడ్డు కూలగొట్టి హాట్ టబ్ పెట్టిస్తున్నా!" రెండు నవ్వుమొహాలు. నేను బుద్ధిలేకుండా దాన్ని పైకి చదివేశాను. వేనో విన్నాడు. "మంచిదే" అన్నాడు. పార తీసుకుని బయటికి వెళ్లి, అదే దారి మొదట్నుంచీ మొదలుపెట్టాడు.

బెర్నీస్ కోటు తొడుక్కుంది. నన్నూ తొడుక్కోమంది. కారులో కూర్చుని అద్దాలు మూసింది. ఈసారి నవ్వడానికి కాదు.

"ఏమే ఐలీ, వాడి ట్రక్కులో దుప్పటి కింద ఏముందో చూశావా? దేవదారు కొమ్మల కట్ట. సౌనాలో వీపు మీద కొట్టుకోడానికి. మూడేళ్లుగా కట్టుకొస్తున్నాడు, మూడేళ్లుగా అలాగే వెనక్కి పట్టుకుపోతున్నాడు."

"నోరు తెరిచి అడగొచ్చుగా?"

"వాడా? ఇల్లు తగలబడుతుంటే కాస్త వెచ్చగా ఉందనే రకం. వాడు అడగడు. అడగాల్సింది నువ్వు. బుకింగ్ నీ పేరు మీదే కదే ఉంది."

అడిగాను, పద్ధతి ప్రకారం. వేనో పుట్టుక గురించీ, రోడ్డు మూసుకుపోయిన రోజు గురించీ, ఆ పొయ్యి ఇప్పటికీ భేషుగ్గా ఉందనీ, పొగగొట్టం రూడీ చూసి పెడతాడనీ, ఒక్క పూట చాలనీ రాశాను. అలాంటి అర్జీ నా కౌంటరుకి వచ్చి ఉంటే నేను లేచి నిలబడి తీసుకునేదాన్ని. జవాబు వెంటనే వచ్చింది. "వావ్, ఎంత క్యూట్ స్టోరీ! కానీ ఇన్సూరెన్స్ ఒప్పుకోదు, సారీ! పంతొమ్మిదో నిబంధన చూడగలరు!"

చూశాను. దాంతోపాటు ఇరవై రెండోది కూడా చూశాను. "వసారాలోని కెమెరాపై పడిన మంచును రెండు గంటలకొకసారి తుడవవలెను." ఆ పని నాది. మూడేళ్లుగా, రంగులేసే కుంచెతో, ఒక్క పూట తప్పకుండా తుడిచాను. ఆ మధ్యాహ్నం మాత్రం నాకు మతిమరుపు వచ్చింది. వయసు కదా! అరగంటలో కెమెరా కన్ను తెల్లగా మూసుకుపోయింది.

పెరట్లోకి వెళ్లి, "కెమెరా తుడవడం మర్చిపోయాను" అని వేనోతో చెప్పాను.

పార మంచులో గుచ్చాడు. "నీ చుక్కలో?" అన్నాడు.

"పోతే పోయాయి. పొయ్యి వెలిగించు."

నంబర్ల తాళాన్ని మేమెవరం వేలితో కూడా ముట్టుకోలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. ఆ తలుపు కుర్రతనంలో వేనో బిగించిందే. కింద పార ఆనించి పైకెత్తితే బందుల్లోంచి ఊడి చేతికొస్తుంది. రూడీ, బెర్నీస్ పలకల్నీ దిండ్లనీ ఇంట్లోకి మోశారు. కాసేపటికి పొగగొట్టంలోంచి పొగ లేచింది. అయిదేళ్లయింది ఆ పొగ చూసి.

ముందు ఆడవాళ్లం వెళ్లాం. బెర్నీస్ ఏదో తలుచుకుని నవ్వింది. కోటు లేకుండా, టోపీ లేకుండా, ఆ మాటకొస్తే ఒంటి మీద ఏమీ లేకుండా, గోడలు అదిరేలా నవ్వింది. తర్వాత రూడీ వెళ్లాడు. ఎర్రగా కాలి బయటికొచ్చి మంచులో దొర్లాడు. ముప్పై రెండేళ్లు తోసిన మంచులో పడుకోవడం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదేమని మమ్మల్నే కోప్పడ్డాడు. పొయ్యి వెలిగించినవాడు ఆఖర్న వెళ్లడం మా ఆనవాయితీ. వేనో కొమ్మల కట్ట పట్టుకుని ఒక్కడే వెళ్లాడు. గంటసేపు రాలేదు.

వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పొగ" అన్నాడు. మేం ఒప్పుకున్నాం. "నీళ్లు పోస్తే ఆ రాళ్లు ఇంకా అదే చప్పుడు చేస్తున్నాయి" అన్నాడు. నాకు తెలిసి ఆ ఏడాది మొత్తంలో అతను మాట్లాడిన అతి పొడుగు వాక్యం అదే.

ఆదివారం పొద్దున పలకలు పలకల చోట, దిండ్లు దిండ్ల చోట పెట్టేశాం. తలుపు బందుల్లో కూర్చోబెట్టాం. కెమెరా తుడిచాను. మిగిలిన నలభై ఒక్క నిబంధనలూ పొల్లుపోకుండా పాటించి, దారులు తోసి, పళ్లేలు కడిగి, దుప్పట్లు మడిచి బయల్దేరాం. దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు అనుకున్నాను.

దేవుడు అక్కర్లేకపోయింది. మరుసటి వారం బ్రెంట్ గారి మనిషి పలకలు చూసుకోడానికి సౌనా తెరిచాడు. పొయ్యి పక్కన ఎండు బర్చ్ చెట్టు కట్టెలు మోకాలెత్తు పేర్చి ఉన్నాయి. వాటి మీద అంటించడానికి బెరడు ముక్కలు. రెండు బకెట్ల నిండా నీళ్లు, గడ్డకట్టి. మేకుకి కొమ్మల కట్ట.

వేనోయే! ఆఖర్న బయటికొచ్చినవాడు కదా. ఏప్రిల్లో కూలగొట్టేస్తారని తెలిసి కూడా, ఇక మీదట ఎవడూ రాడని తెలిసి కూడా, తర్వాత వచ్చేవాళ్ల కోసం సిద్ధం చేసి వచ్చాడు. దొంగతనంగా దూరినవాడెవడైనా తర్వాతి దొంగకి కట్టెలు పేర్చి వెళ్తాడా? నిబంధనలు గోడ మీద ఉంటే చింపొచ్చు. చేతుల్లో ఉంటే ఏం చేస్తాం?

బ్రెంట్ గారు నాకు ఒక్క నక్షత్రం ఇచ్చారు. కింద ఒక వాక్యం రాశారు: "ఈ అతిథులు ఇది తమ సొంత ఇల్లే అన్నట్టు ప్రవర్తించారు."

ఫోను పట్టుకుని వేనో ఇంటికి వెళ్లి చదివి వినిపించాను. కాఫీ కప్పు కింద పెట్టాడు. "మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. ఇంకోసారి చదవమన్నాడు.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా, నిబంధనలు మనిషికి ఎంత మేలు చేస్తాయో? ఆ నలభై మూడూ లేకపోతే ఈ వాక్యం మాకు ఎవరు రాసిచ్చేవారు? ముప్పై ఒక్కేళ్లలో నా బల్ల మీదికి వేల దస్తావేజులు వచ్చాయి. ఇంత స్పష్టంగా రాసింది ఒక్కటి చూడలేదు. అదీ ప్రస్తుత యజమాని స్వయంగా, తేదీతో సహా!

దాన్ని కాగితం మీద ప్రింటు తీయించాను. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు జ్ఞాపకంగా ఇచ్చిన పాత రబ్బరు ముద్ర సొరుగులో ఉంటే తీశాను. సిరా ఎండిపోయింది, నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించాల్సి వచ్చింది. వేనో ఎదురుగానే, అతని వంటింటి బల్ల మీద పెట్టి, కింద కుడిమూల గట్టిగా ఒక్కటి కొట్టి చేతికిచ్చాను.

ఈసారి అతను "అంతేనా?" అని అడగలేదు.